పాత ఎస్7-300లో స్కాన్ తగ్గిస్తే డోసింగ్ తూకం కుదురుతుందా?

భీమవరం దగ్గర రొయ్యల మేత ప్లాంటులో పాత సీమెన్స్ ఎస్7-300 (యంత్రాలను నడిపే పీఎల్‌సీ కంట్రోలర్) ఉందని, స్కాన్, అంటే దాని ప్రోగ్రామ్ ఒక చుట్టు తిరిగే సమయం, 80 మిల్లీసెకన్ల దాకా పోతోందని, మినరల్ మిక్స్ లాంటివి ఒక్కో బ్యాచ్‌లో ఒక్కోలా ఎక్కువ పడిపోతున్నాయని, సీపీయూ మార్చేయమంటారా అని అడిగారు. ఇప్పుడే మార్చకండి. మన డెల్టాలో మేత ప్లాంట్లలోనూ రైస్ మిల్లుల్లోనూ ఈ గొడవ చాలానే చూశాను, చాలాసార్లు టైమంతా తినేసేది ఎవరూ చూడని చోట ఉంటుంది.

ముందు కొలవండి. ఓబీ1 (ప్రతి స్కాన్‌లోనూ నడిచే ప్రధాన బ్లాక్) టెంపరరీ వేరియబుల్స్‌లో ప్రీవ్ సైకిల్ (పోయిన స్కాన్ సమయం), మ్యాక్స్ సైకిల్ (అన్నిటికన్నా ఎక్కువ పట్టిన స్కాన్) అని రెండుంటాయి, వాటిని ఒక డేటా బ్లాక్‌లోకి మూవ్ చేసి షిఫ్ట్ అంతా గమనించండి. మామూలుగా 25, 30 ఉంటూ అప్పుడప్పుడూ 80కి ఎగురుతోందంటే ఎప్పుడో ఒకసారి నడిచే బరువైన పని ఏదో ఉన్నట్టే. నేను పనిచేసిన ఒక ప్లాంటులో అది రెసిపీ కాపీ చేసే లూప్. బ్యాచ్ మొదట్లో ఒక్కసారి నడిస్తే సరిపోయేది, సెలెక్ట్ బిట్ ఆన్‌లో ఉన్నంతసేపూ ప్రతి స్కాన్‌లోనూ తిరుగుతూనే ఉంది. పాజిటివ్ ఎడ్జ్, అంటే బిట్ ఆన్ అయిన క్షణంలో ఒక్కసారే నడిచేలా, పెడితే పోయింది. స్కాడా (ప్లాంటును కంప్యూటర్‌లో చూపించే సాఫ్ట్‌వేర్) కూడా బాయిలర్ టెంపరేచర్‌ని 100 మిల్లీసెకన్లకోసారి అడగక్కర్లేదు, సెకనుకోసారి చాలు. వాచ్‌డాగ్ (స్కాన్ ఇంతకు మించితే సీపీయూని ఆపేసే పరిమితి) 150 నుంచి 500 మిల్లీసెకన్లకు పెంచేయమని ఎవరైనా చెప్తే వినకండి, దానివల్ల సీపీయూ ఆగదేమోగానీ స్కాన్ ఒక్క మిల్లీసెకను కూడా తగ్గదు.

అసలు సంగతి తూకం సిగ్నల్‌ని అంకెగా మార్చే అనలాగ్ కార్డులో ఉంది. తూకం ఇండికేటర్ నుంచి 4-20 మిల్లీఆంప్స్ కరెంట్ సిగ్నల్‌గా వస్తుంటే, కార్డు 331-7కేఎఫ్02 అయితే, కరెంటు లైన్ నాయిస్ తీసేసే 50 హెర్ట్జ్ ఫిల్టర్‌తో ఒక్కో ఛానల్‌కి 22 మిల్లీసెకన్లు పడుతుంది. ఎనిమిదీ ఎనేబుల్ అయి ఉంటే కొత్త విలువ 176 మిల్లీసెకన్లకు గానీ రాదు, మీరు స్కాన్‌ని 10కి దించినా ప్రోగ్రామ్ చూసేది ఆ పాత తూకాన్నే! సరుకు తోసే స్క్రూ సెకనుకు కిలో వేస్తుంటే ఆ కాసేపట్లోనే 170 గ్రాములు పైన దాటిపోతుంది. ఎప్పుడూ ఒకేలా దాటితే ముందే కట్ చేసి సర్దుకోవచ్చు, కానీ స్కాన్‌కీ కార్డుకీ పొంతన ఉండదు కాబట్టి ఒకసారి తక్కువ, ఒకసారి ఎక్కువ. హార్డ్‌వేర్ కాన్ఫిగ్‌లో (కార్డుల సెట్టింగులు పెట్టే చోట) వాడని ఛానల్ గ్రూపులన్నీ డీయాక్టివేట్ చేయండి. ఒక్క గ్రూపు, అంటే రెండు ఛానళ్లు మిగిలితే 44కి వస్తుంది, పైసా ఖర్చు లేదు.

ఆ తర్వాత తూకం పోల్చే నాలుగు లైన్లనూ ఓబీ1 నుంచి తీసి, స్కాన్‌తో సంబంధం లేకుండా నిర్ణీత సమయానికోసారి నడిచే ఓబీ35లో పెట్టండి. డిఫాల్ట్ 100 మిల్లీసెకన్లు ఉంటుంది, 20 చేయండి. ఇన్‌పుట్‌ని పీఐడబ్ల్యూ అడ్రస్‌తో కార్డు నుంచే నేరుగా చదివి, స్క్రూ ఆపే అవుట్‌పుట్‌ని పీక్యూబీ అడ్రస్‌తో కార్డుకే నేరుగా రాయాలి, లేకపోతే మళ్లీ స్కాన్ చివరిదాకా ఆగాల్సిందే. అదే అవుట్‌పుట్‌ని ఓబీ1లో ఇంకెక్కడా రాయకుండా చూసుకోండి, రెండు చోట్ల రాస్తే స్క్రూ ఆగి మళ్లీ తిరుగుతుంది, అది పట్టుకోవడం నరకం.

ఇవన్నీ చేసే ముందు సీపీయూలో ఉన్న ప్రోగ్రామ్‌ని మీ లాప్‌టాప్‌లోని కాపీతో ఆన్‌లైన్‌లో కంపేర్ చేసి తీరాలండి. పాత ప్లాంట్లలో రెండూ ఒకటే ఉండటం అరుదు. తేడా ఉంటే ముందు సీపీయూలోదాన్ని అప్‌లోడ్ తీసి దాచుకోండి, హార్డ్‌వేర్ కాన్ఫిగ్ డౌన్‌లోడ్‌కి సీపీయూ స్టాప్‌లోకి వెళ్తుంది కాబట్టి బ్యాచ్ ఖాళీ అయ్యాకే చేయండి.