కో-ఐపీలో (ఒక ప్రొటీన్‌ని యాంటీబాడీతో లాగి, దానితో కలిసొచ్చే పార్ట్‌నర్‌ని చూసే పద్ధతి) వాష్ చేస్తే పార్ట్‌నర్ ప్రొటీన్ పోతోంది, డీఎస్పీ వాడాలా ఫార్మాల్డిహైడ్ వాడాలా?

రెండూ ప్రొటీన్లను ఒకదానికొకటి అతికించే క్రాస్‌లింకర్ కెమికల్సే, నేనైతే ముందు డీఎస్పీ చూడమంటాను. తిరుపతిలో పీహెచ్‌డీ చేసేటప్పుడు నాదీ ఇదే బాధ, సెల్‌లో రెండు ప్రొటీన్లూ కలిసే ఉంటాయి గానీ పట్టు గట్టిగా ఉండదు, వాష్‌లు అయ్యేసరికి వెస్టర్న్ బ్లాట్‌లో పార్ట్‌నర్ బ్యాండే కనపడదు.

ఫార్మాల్డిహైడ్ చవకే, సెల్‌లోకి ఇట్టే పోతుంది కూడా, కానీ దానికి అదుపు లేదు, ప్రొటీన్‌ని డీఎన్‌ఏకి కూడా అంటిస్తుంది, కాస్త ఎక్కువసేపు ఉంచామా లైసిస్ (సెల్‌ని పగలగొట్టడం) కూడా సరిగ్గా అవ్వదు. క్రొమాటిన్ (డీఎన్‌ఏ, దాన్ని అంటుకుని ఉండే ప్రొటీన్లు) పనికైతే అదే వాడాలి, అది వేరే సంగతి. డీఎస్పీ అట్ల కాదు, రెండు చివర్లా ప్రొటీన్లలోని లైసీన్ అనే అమైనో ఆమ్లాలను పట్టుకుంటుంది, మధ్యలో డైసల్ఫైడ్ బంధం ఉంటుంది, పొడవు 12 ఆంగ్‌స్ట్రామ్‌లు, శాంపిల్ బఫర్‌లో ఆ బంధాన్ని తెంపే డీటీటీ వేసి కాచితే తెగిపోయి ప్రొటీన్లు మళ్ళీ వాటి సైజులోనే జెల్ మీద వస్తాయి. అందుకే లైసిస్ బఫర్‌లో డీటీటీ వేయొద్దు, లింకంతా అక్కడే తెగిపోతుంది.

క్రాస్‌లింకింగ్ పీబీఎస్ బఫర్‌లోనో హెపిస్ బఫర్‌లోనో చేయండి, ట్రిస్ గానీ గ్లైసిన్ గానీ ఉంటే వాటి అమైన్లే డీఎస్పీని తినేస్తాయి. చివర్లో ఆపడానికి వేసేది మాత్రం ఆ ట్రిస్సే. ఇంకొకటి, మన ఊర్లో నవంబర్ వానలప్పుడు ఫ్రిజ్‌లోంచి తీసిన డీఎస్పీ సీసా వెంటనే తెరిస్తే లోపల చెమ్మ పట్టి పౌడర్ పాడవుతుంది, రూమ్ టెంపరేచర్‌కి వచ్చేదాకా మూత తీయొద్దు, డీఎంఎస్ఓ అనే ద్రావకంలో అప్పటికప్పుడు కలుపుకోండి, మిగిలింది దాచుకోవద్దు, ఎంత ఖరీదైనా సరే.

డోస్ 0.1 నుంచి 2 మిల్లీమోలార్ దాకా వేసి చూడండి. ఎక్కువ వేస్తే పక్కనున్నవన్నీ అతుక్కుంటాయి, అప్పుడు వచ్చే బ్యాండ్‌ని నేనైతే నమ్మను. డీఎంఎస్ఓ మాత్రమే వేసిన శాంపిల్, మామూలు ఐజీజీ (మీ ప్రొటీన్‌ని పట్టుకోని యాంటీబాడీ), ఈ రెండు కంట్రోల్స్ లేకుండా గైడ్‌కి చూపించొద్దు, అదే బ్లాట్‌లో ట్యూబులిన్ (సెల్‌లో బాగా ఉండే, మీ ప్రొటీన్‌తో సంబంధం లేని ప్రొటీన్) కూడా చూడండి, అది కూడా వచ్చేస్తుంటే డోస్ తగ్గించాల్సిందే. బ్యాండ్ రాకపోయినా ఇంటరాక్షన్ లేదని రాసేయకండి, దగ్గర్లో లైసీన్‌లు లేకపోవచ్చు, లేదా యాంటీబాడీ పట్టుకునే చోటే క్రాస్‌లింకర్ కూర్చుని ఉండొచ్చు.

మీ ప్రొటీన్ సెల్ పైన ఉండేదైతే డీఎస్పీ లాంటిదే అయిన డీటీఎస్ఎస్పీ చూడండి, అది నీళ్ళలో కరుగుతుంది, మెంబ్రేన్ దాటి లోపలికి పోదు.