లివర్ వదిలినా బండి ఆగలేదన్న ఒక్క మాటే మీ కేసు

ప్రశ్న: మాది టెక్సాస్‌లోని ఫ్రిస్కో. 2023 థాంక్స్‌గివింగ్ సెలవులకు ఫ్లోరిడాలోని ఓర్లాండో వెళ్లాం. అప్పుడు నాకు ఏడో నెల. నడుంనొప్పి, కాళ్ల వాపు ఉండటంతో ఎక్కువ నడవొద్దని డాక్టరు చెప్పారు. మావారు ఆన్‌లైన్‌లో ఒక అద్దె కంపెనీ దగ్గర మొబిలిటీ స్కూటర్ (ఎక్కువ నడవలేనివాళ్లు కూర్చుని నడిపే బ్యాటరీ బండి) బుక్ చేస్తే, వాళ్లే హోటల్‌కు తెచ్చి ఇచ్చారు. నవంబర్ 24న ఒక పెద్ద థీమ్ పార్కుకు వెళ్లాం. గేటు దగ్గర ఉద్యోగి ఒకరు అందరి ముందూ "ఇది నడవలేనివాళ్ల కోసం, కడుపుతో ఉన్నవాళ్ల కోసం కాదు" అన్నారు. ఆ అవమానం ఇప్పటికీ మరిచిపోలేకపోతున్నాను. మధ్యాహ్నం ఒక వాలు దిగుతుంటే, లివర్ వదిలేసినా స్కూటర్ ఆగక కాంక్రీటు పూలతొట్టెకు గుద్దుకుంది. నా ఎడమ మణికట్టు విరిగింది. పార్కు ఫస్ట్ ఎయిడ్‌లో కట్టు కట్టించుకుని హోటల్‌కు వెళ్లాం, మూడో రోజు డల్లాస్‌లో డాక్టరుకు చూపించుకున్నాను. ఐదు వారాలకు పాప నెలలు నిండకుండానే పుట్టి 26 రోజులు ఎన్ఐసీయూలో (పసికందుల ఐసీయూలో) ఉంది. కడుపుతో ఉండి బండెక్కి తిరిగావని మా అత్తగారు ఇప్పటికీ అంటూనే ఉంటారు. పార్కు మీద దావా వేయాలనుకుంటున్నాను. మూడు భయాలున్నాయి. అద్దె ఫారంలో "గర్భవతిని కాను" అన్నచోట మావారు టిక్ పెట్టారు. మా నాలుగేళ్ల బాబు నా ఒళ్లో కూర్చుని ఉండగా బండి గుద్దుకోవడం మావారు తీసిన వీడియోలో ఉంది. ఆ రాత్రే దాన్ని ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఇప్పుడు మావారు దాన్ని తీసేద్దాం అంటున్నారు. అద్దె కంపెనీ ఇన్సూరెన్సు వాళ్లు "పరిశీలిస్తున్నాం" అని ఏడాదిన్నరగా మెయిల్స్ పెడుతున్నారు. ఫ్లోరిడాలో నాలుగేళ్ల టైముందని మా కజిన్ చెప్పాడు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ ఉద్యోగి అన్న మాట సంగతి తేల్చేద్దాం. గర్భిణి మొబిలిటీ స్కూటర్ ఎక్కకూడదన్న చట్టం ఫ్లోరిడాలో లేదు, ఫెడరల్ స్థాయిలోనూ లేదు. 1990 నాటి అమెరికన్స్ విత్ డిజెబిలిటీస్ చట్టం కింద గర్భం దానంతటది వైకల్యం కాదు గానీ, గర్భం వల్ల వచ్చి మనిషిని నడవనివ్వని బాధ వైకల్యం కిందికి రావచ్చు. స్కూటర్ మీద వచ్చినవారిని జబ్బేమిటని ఆరా తీయకూడదని ఆ చట్టం కింద వచ్చిన నిబంధనలే పార్కులకు చెబుతున్నాయి. ఆ ఉద్యోగి మాట తప్పే. కానీ ఆ చట్టం కింద మీవంటి సందర్శకులు పార్కు మీద దావా వేస్తే కోర్టు ఇవ్వగలిగేది ఇకపై అలా చేయొద్దన్న ఉత్తర్వు, లాయరు ఖర్చులు. అవమానానికి డబ్బు రూపంలో పరిహారం అందులో రాదు. మీ మనసు ఆ గేటు దగ్గరే ఆగిపోయింది. కేసు అక్కడ లేదు.

కేసంతా మీరు దారిన పోతూ అన్నట్టు రాసిన ఒక్క వాక్యంలో ఉంది: "లివర్ వదిలేసినా స్కూటర్ ఆగలేదు."

ఈ బండ్లకు కారులా కాలితో తొక్కే బ్రేకు ఉండదు. హ్యాండిల్ దగ్గర లివర్ నొక్కినంతసేపే కదులుతుంది. వదిలితే మోటారుకు కరెంటు ఆగి, దానంతట అదే బ్రేకు పడాలి. వాలు మీదా అంతే. కాబట్టి లివర్ వదిలినా ఆగలేదంటే బ్రేకు అరిగిపోయి ఉండాలి, లివర్ స్ప్రింగు పట్టేసి వెనక్కి రాకపోయి ఉండాలి, లేదా కంట్రోలర్ చెడి ఉండాలి. చేత్తో నెట్టుకుపోవడానికి మోటారును విడదీసే చిన్న లివర్ ఒకటి వెనక చక్రాల దగ్గర ఉంటుంది. దాన్ని సరిగ్గా వేయలేదేమో కూడా చూడాలి. బండిలో లోపం రుజువైతే బాధ్యత ముఖ్యంగా పార్కుది కాదు, బండిని సరిచూడకుండా అద్దెకిచ్చిన కంపెనీది. మీరు లివర్ వదల్లేదనో, బాబు చెయ్యి దాని మీద ఉందనో తేలితే మాత్రం మిగతా వాదన ఏదీ నిలబడదు.

ఇక వీడియో. మీవారికి ఈ మాట చదివి వినిపించండి: దాన్ని ముట్టుకోవద్దు. తీసేయొద్దు, కత్తిరించొద్దు, బాబు కనిపించని ముక్క మాత్రం దాచుకుందామన్న ఆలోచన కూడా పెట్టుకోవద్దు. దావా వేద్దామని మీరు అనుకున్న రోజు నుంచే సాక్ష్యాన్ని కాపాడాల్సిన బాధ్యత మీ మీద పడింది. చెరిపేశారని తేలితే, అందులో మీకు వ్యతిరేకమైనదే ఉందని అనుకోవచ్చని జడ్జి జ్యూరీకి చెప్పవచ్చు. దావానే కొట్టేసిన సందర్భాలూ ఉన్నాయి. పైగా అది చెరిగేదీ కాదు. గుద్దుకున్న రోజు రాత్రే ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టానని మీరే రాశారు. డిపాజిషన్‌లో, అంటే విచారణకు ముందు లాయర్లు వాంగ్మూలం తీసుకునేటప్పుడు, ప్రమాణం చేయించి, ఆ రోజు ఎవరెవరు ఏమేం వీడియోలు తీశారని అవతలి లాయరు అడుగుతాడు. అప్పుడు మీవారు ఒక అబద్ధం ఆడాలి, దాన్ని నిలబెట్టడానికి మీరు ఇంకొకటి ఆడాలి. అక్కడితో మీ మణికట్టు విరిగిందన్న నిజాన్ని కూడా జ్యూరీ నమ్మదు.

ఇంకో సంగతి మీరిద్దరూ గమనించలేదు. మీ చెయ్యి లివర్ మీద నుంచి లేచిందా లేదా అన్నది చూపించగలిగింది కూడా ఆ వీడియోనే. బాబు ఒళ్లో ఉన్నాడని అదే చూపిస్తుంది, మీరు లివర్ వదిలారనీ అదే చూపిస్తుంది. మీకు చేటు చేస్తుందనుకుంటున్న ఆ కొద్ది సెకన్లే మీకున్న ఏకైక ప్రత్యక్ష సాక్ష్యం కావచ్చు. వాట్సాప్‌లో వెళ్లిన కాపీ నాణ్యత తగ్గిపోయి ఉంటుంది, తీసిన సమయం వంటి వివరాలు అందులో ఉండవు. ఫోనులోని అసలు ఫైలు కావాలి. మీవారు ఫోను మార్చి ఉంటే పాతది ఎక్కడుందో ఈ రోజే వెతకండి. ట్రేడ్-ఇన్‌లో ఇచ్చేసి ఉంటే క్లౌడ్‌లోని అసలు కాపీని అలాగే దించి ఒక డ్రైవులో భద్రపరచండి.

బాబును ఒళ్లో కూర్చోబెట్టుకోవడం తప్పే. ఈ బండ్లు ఒక్కరి కోసం చేసినవి. ఏడో నెల కడుపు ముందు నాలుగేళ్ల పిల్లవాణ్ణి కూర్చోబెట్టుకుని వాలు దిగడం ప్రమాదమని చెప్పడానికి ఏ నిపుణుడూ అక్కర్లేదు. దీనికి చట్టపరంగా ఒక లెక్క ఉంది. ఫ్లోరిడాలో 2023 మార్చి 24 నుంచి అమల్లోకి వచ్చిన మార్పు ప్రకారం, ప్రమాదంలో మీ తప్పు వాటా 50 శాతం దాటిందని జ్యూరీ తేల్చిందా, మీకు పైసా రాదు. అంతకు ముందు 70 శాతం తప్పు ఉన్నవారికి కూడా మిగతా 30 శాతం పరిహారం వచ్చేది. మీ ప్రమాదం కొత్త చట్టం కిందికే వస్తుంది. 50 లోపు ఉంటే ఆ మేరకు తగ్గించి ఇస్తారు. కాబట్టి అవతలివాళ్ల పోరాటమంతా బాబు ఒళ్లో ఉన్న సంగతిని 51కి చేర్చడం మీదే ఉంటుంది. బ్రేకు పనిచేయలేదని రుజువు చేస్తేనే అది ఆగుతుంది. ఫ్లోరిడాలో దావాలో లేనివారి మీదకు కూడా తప్పు వాటా నెట్టవచ్చు. వాలు కట్టిన తీరు అంటూ అద్దె కంపెనీ పార్కును చూపిస్తుంది. అందుకే మీ అటార్నీ ఇద్దరినీ పరిశీలించాలి. అంతేగానీ గేటు దగ్గర మాట పడ్డారని కాదు.

ఇప్పుడు మీరు చేసిన అసలు అజాగ్రత్త. నాలుగేళ్ల టైముందన్న మీ కజిన్ మాట పాతది. మామూలు నిర్లక్ష్యం కేసులకు ఫ్లోరిడాలో నాలుగేళ్లుగా ఉన్న కాలపరిమితిని ఆ 2023 మార్చి మార్పే రెండేళ్లకు కుదించింది. తయారీ, డిజైన్ లోపం మీద బండి తయారుచేసిన కంపెనీపై వేసే దావాకు నాలుగేళ్లు ఇప్పటికీ ఉంది గానీ, మీ ఫిర్యాదు నిర్వహణ గురించి. మీకు చివరి తేదీ 2025 నవంబర్ 24. ఇది 2025 ఆగస్టు. మీకు మిగిలింది మూడు నెలలు.

ఇన్సూరెన్సు అడ్జస్టర్ (క్లెయిము పరిశీలించే కంపెనీ మనిషి) మర్యాదగా మెయిల్ పెట్టినంత మాత్రాన గడువు ఆగదు. "పరిశీలిస్తున్నాం" అన్న మాటకు చట్టం దృష్టిలో ఏ విలువా లేదు. నవంబర్ 25న అదే మనిషి అంతే మర్యాదగా మీ క్లెయిము మూసేశామని రాయవచ్చు. ఏడాదిన్నర పాటు, ఇద్దరూ చదువుకున్నవారై ఉండి, ఒక్క అటార్నీకీ ఫోను చేయకుండా ఆ మెయిల్స్ నమ్ముకుని కూర్చున్నారు. ఈ లోపు పార్కు సీసీటీవీ రికార్డు చెరిగిపోయే ఉంటుంది. ఆ స్కూటర్ రిపేరై ఎంతమంది చేతులు మారిందో తెలియదు. ప్రమాదం జరిగిన వారంలోనే సాక్ష్యం భద్రపరచమని ఒక ఉత్తరం వెళ్లి ఉంటే ఇదంతా మీ చేతిలో ఉండేది.

పాప తరఫు హక్కు వేరు. గర్భంలో ఉండగా తగిలిన దెబ్బకు, ప్రాణంతో పుట్టిన బిడ్డ పరిహారం కోరవచ్చు. అయితే మనవాళ్లు ఇక్కడే పొరబడతారు. మన ఇండియాలో 1963 నాటి లిమిటేషన్ చట్టం ఆరో సెక్షను ప్రకారం మైనరుకు కాలపరిమితి పద్దెనిమిదేళ్లు నిండాకే మొదలవుతుంది కదా, ఇక్కడా అంతేనని అనుకుంటారు. ఫ్లోరిడాలో అలా కాదు. తల్లిదండ్రులు ఉండి, వారి ప్రయోజనం బిడ్డ ప్రయోజనానికి విరుద్ధం కానంత వరకు, మైనరు అన్న ఒక్క కారణంతో గడువు ఆగదు. మీ తప్పు వాటా కూడా ఉంది కాబట్టి విరోధం ఉందని, గడువు ఆగిందని వాదించే వీలు లేకపోలేదు. ఆ వాదన మీద బిడ్డ హక్కును పందెం కాయొద్దు. పాప దావా కూడా అదే తేదీలోపు పడాలి. మీ ఇద్దరి కేసుల్నీ ఒకే అటార్నీ చూడవచ్చా అని మొదటి సమావేశంలోనే అడగండి.

పాప విషయంలో ఒక కష్టమైన నిజం చెప్పాలి. ప్రమాదానికీ ప్రసవానికీ మధ్య ఐదు వారాలున్నాయి. పొట్టకు దెబ్బ తగిలినప్పుడు మాయ (ప్లాసెంటా) విడిపోయే ప్రమాదం ఉంటుందని, చిన్న దెబ్బకైనా గర్భిణిని కనీసం నాలుగు గంటలు మానిటర్ పెట్టి చూడాలని డాక్టర్లు అంటారు. మీరు పార్కు ఫస్ట్ ఎయిడ్‌లో చేతికి కట్టు కట్టించుకుని హోటల్‌కు వెళ్లి, మూడో రోజు డల్లాస్‌లో డాక్టరుకు చూపించుకున్నారు. ఆ రోజు నోట్సులో పొట్టకు దెబ్బ తగిలిందని రాసి ఉందా? స్కాన్‌లో ఏముంది? ప్రసవమయ్యాక మాయను పరీక్షకు పంపారా? ఈ కాగితాల్లో ఉన్నదాన్ని బట్టే పాప దావా నిలబడుతుంది. మీ మణికట్టు కేసు దానికంటే బలమైనది. మీ అత్తగారి మాటకు కూడా సమాధానం ఆ కాగితాల్లోనే దొరకవచ్చు. అవి చూడకుండా తప్పు మీదని మీరే ఒప్పేసుకోవద్దు.

గర్భవతిని కానని పెట్టిన టిక్ వల్ల కేసు పోదు. బ్రేకు చెడటానికీ గర్భానికీ సంబంధం లేదు. కానీ దాన్ని దాచొద్దు. అటార్నీకి మొదటి రోజే చెప్పండి. నాకు ఎక్కువ భయం కలిగించేది ఆ ఫారంలోనే ఉండే మరో పేరా: ఏం జరిగినా కంపెనీకి బాధ్యత లేదనే వేవర్. ఫ్లోరిడా కోర్టులు దాన్ని చిత్తుకాగితంలా తీసిపారేయవు. 2015లో రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన గివ్ కిడ్స్ ది వరల్డ్ కేసు ఈ ఊళ్ల దగ్గరిదే. జబ్బుపడిన పిల్లల కుటుంబాలు ఉచితంగా ఉండే కిస్సిమ్మీలోని విడిదిలో వీల్‌చెయిర్ లిఫ్టు విరిగి ఒక తల్లి గాయపడింది. జ్యూరీ ఆమెకు పరిహారం ఇచ్చింది. అంతకు ముందు సంతకం పెట్టిన పత్రంలో "నిర్లక్ష్యం" అన్న మాట లేకపోయినా, అర్థం స్పష్టంగా ఉంటే చాలని సుప్రీంకోర్టు ఆ పరిహారం దక్కకుండా చేసింది. మీకున్న ఊరట ఏమిటంటే, సంతకం మీది కాదు, మీవారిది. ఆయన టిక్ మిమ్మల్ని ఎంతవరకు కట్టేస్తుందన్నది వాదించదగ్గ విషయం. వ్యాపార సంస్థ విషయంలో తల్లిదండ్రులు ముందే పెట్టిన సంతకం పిల్లల హక్కును పోగొట్టదని 2008లో అదే కోర్టు చెప్పింది. తర్వాత 2010లో చట్టం తెచ్చిన మినహాయింపు, ఆ పనిలో సహజంగా ఉండే ప్రమాదాల వరకే. కాబట్టి బుకింగ్ మెయిలు, ఆ రోజు ఫారంలో ఉన్న మాటలు యథాతథంగా వెతికి పట్టండి. ఇప్పుడు వెబ్‌సైటులో ఉన్న ఫారం పనికిరాదు.

ఈ వారంలో చేయాల్సింది ఇది. ఫ్లోరిడా లైసెన్సు ఉన్న అటార్నీ కావాలి. ఫ్రిస్కోలో మీకు తెలిసిన లాయరు ఉన్నా, ఆ లైసెన్సు లేకపోతే ఫ్లోరిడాలో దావా వేయలేడు. ఫ్లోరిడా బార్ (రాష్ట్ర లాయర్ల సంఘం) వెబ్‌సైటులో పేరు కొట్టి లైసెన్సు, క్రమశిక్షణ చర్యల చరిత్ర చూడండి. గెలిస్తేనే ఫీజు అనే పద్ధతిలో, మొదటి పది లక్షల డాలర్ల వరకు, అవతలివాళ్లు కోర్టులో జవాబు దాఖలు చేయకముందు మూడో వంతు, తర్వాత 40 శాతం అనేవి బార్ నిబంధనల్లోని మామూలు పరిమితులు. సంతకం పెట్టాక మూడు పని దినాల్లో ఆ ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు మీకుంది. మొదటి పనిగా సాక్ష్యం భద్రపరచమని అద్దె కంపెనీకీ పార్కుకూ ఉత్తరాలు పంపించమనండి. అందులో స్కూటర్ సీరియల్ నంబరు, ఆ బండి సర్వీసు రికార్డు, మీ తర్వాత దాన్ని ఎవరికి ఎప్పుడు ఇచ్చారు, పార్కు ఫస్ట్ ఎయిడ్ రికార్డు, ఇన్సిడెంట్ రిపోర్టు పేరుపేరునా ఉండాలి. హోటల్‌కు బండి ఇచ్చినప్పుడు మీరు ఫోటోలు తీసి ఉంటే, వాటిలో ఆ సీరియల్ నంబరు స్టిక్కరు పడిందేమో చూడండి. రాతపూర్వకంగా అడిగితే ఇన్సూరెన్సు కంపెనీ 30 రోజుల్లో పాలసీ పరిమితి వెల్లడించాలని ఫ్లోరిడా చట్టం ఉంది, ఆ ఉత్తరం కూడా వెళ్లాలి.

అడ్జస్టర్‌తో ఇక మీరు మాట్లాడొద్దు. మాటలు రికార్డు చేస్తామంటే ఒప్పుకోవద్దు, చెక్కు పంపితే వేసుకోవద్దు. పాప బిల్లులు కట్టిన మీ హెల్త్ ఇన్సూరెన్సు రేపు వచ్చిన డబ్బులో తన వాటా అడగవచ్చు. ఆ ప్లాను కాగితం కూడా అటార్నీకి ఇవ్వండి. నవంబర్ దాకా ఆగకుండా సెప్టెంబరు చివరికల్లా దావా కోర్టులో పడాలి. పార్కు ఎక్కడుందన్నదాన్ని బట్టి అది ఆరెంజ్ కౌంటీయో, ఓసియోలా కౌంటీయో అవుతుంది. అటార్నీ దగ్గరకు వెళ్లేటప్పుడు మీవారిని, ఆయన పాత ఫోనును వెంట తీసుకెళ్లండి.