1795 అని రాసింది బిల్లులోనా, ఫోనులోనా?

ప్రశ్న: 2024 మార్చిలో హైదరాబాద్‌లో పాత వస్తువులు అమ్మే ఒక వ్యాపారి దగ్గర 3 లక్షల 80 వేలకు ఫ్రెంచి స్కెలిటన్ గడియారం (లోపలి యంత్రమంతా బయటికి కనిపించేది) కొన్నాను. ‘1795 ప్రాంతంలో పారిస్‌లో చేసింది, అన్నీ అసలు భాగాలే’ అని వాట్సాప్‌లో రాశాడు. ఆగస్టులో ఆగిపోతే మరమ్మతుకు ఇచ్చాను. లోలకం వేలాడే భాగం అంత పాతది కాదని మెకానిక్ చెప్పి, దాన్ని మార్చారు. అది నా పదవీ విరమణ సొమ్ము. మా తాతగారు దివాణంలో గడియారాలకు కీ ఇచ్చేవారు, ఆ మమకారంతో కొన్నాను. వ్యాపారి ఫోను ఎత్తడం లేదు. అమెరికాలో ఉన్న మా అల్లుడు పట్టుకెళ్లి వేలంలో అమ్మేస్తానంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మీ తాతగారి ప్రస్తావన కేసుకు అక్కరకు రాదు. అక్కరకు వచ్చేవి మీరు ఉత్తరంతో జతచేసిన రెండు కాగితాలు. బిల్లులో ‘పాత ఇత్తడి గడియారం, గాజు గుమ్మటంతో, ఉన్నది ఉన్నట్లు’ అని మాత్రమే ఉంది. పారిస్ లేదు, 1795 లేదు. దాదాపు నాలుగు లక్షలు చెల్లించి, ఆ ఒక్క వాక్యం రాయించుకోకుండా సంతకం పెట్టి వచ్చేశారు. కూరగాయల దగ్గర చూపే జాగ్రత్త కూడా చూపలేదు.

ఇక మిగిలింది వాట్సాప్ సందేశం. అది మీరు డబ్బు చెల్లించడానికి రెండు రోజుల ముందు వచ్చింది. మీ కేసు బతికేది దాని మీదే. వర్ణన చెప్పి అమ్మిన వస్తువు ఆ వర్ణనకు సరిపోవాలని 1930 నాటి వస్తు విక్రయ చట్టం 15వ సెక్షన్ అంటుంది. ‘ఉన్నది ఉన్నట్లు’ అన్న మాట గుమ్మటంలో పగులుకో, అరిగిన పళ్ళచక్రానికో అడ్డు పడవచ్చు. స్వయంగా రాసి ఇచ్చిన కాలానికి అది సాకు కాదని మనం వాదించవచ్చు.

కానీ అదే సంభాషణలో మీరు ‘రెండేళ్లలో ఎంతకు పోతుంది?’ అని అడిగారు. తిరిగి అమ్మడానికి కొన్నవారు 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వినియోగదారులు కారు. అవతలి న్యాయవాది మొదట పట్టుకునేది ఆ ప్రశ్ననే. ధర అడిగినంత మాత్రాన వ్యాపారం కోసం కొన్నట్లు కాదు. గడియారం ఇన్నాళ్లూ మీ హాల్లోనే ఉండటం మీకు మేలు చేస్తుంది. అయితే ఆ సందేశాన్ని చెరిపేయాలని మాత్రం చూడకండి. అవతలివారి ఫోనులో అది భద్రంగా ఉంటుంది. మీరు చెరిపినట్లు తేలితే మిగతా సంభాషణనూ ఎవరూ నమ్మరు. ఆ ఫోను మార్చకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కోరే ధృవపత్రంతో నకళ్లు తీయించండి.

తర్వాత ఆ మెకానిక్ మాట. ఆయన చూసింది లోలకాన్ని వేలాడదీసే ఉక్కు స్ప్రింగు, బ్రొకో పద్ధతి అంటారు. అది పారిస్‌లో 1840 ప్రాంతంలో వచ్చిన ఏర్పాటు. అంతకుముందటి ఫ్రెంచి గడియారాల్లో లోలకం సాధారణంగా పట్టుదారంతో వేలాడేది. ఇంతమాత్రాన గడియారం 1795 నాటిది కాదని రుజువైపోదు. తర్వాత మరమ్మతులో మార్చారని వ్యాపారి అంటాడు. నిజమే కావచ్చు. అప్పుడు పాత దారపు కడ్డీ బిగించిన రంధ్రాలు వెనక ఇత్తడి ముక్కలో కనిపించాలి. అవి ఉంటే ‘అన్నీ అసలు భాగాలే’ అన్న మాట అబద్ధం. లేకపోతే కాలమే అనుమానం. రెండు విధాలా వర్ణన తప్పినట్లే. పైగా స్కెలిటన్ గడియారం అన్నంత మాత్రాన పద్ధెనిమిదో శతాబ్దానిది కానక్కర్లేదు. 1851 లండన్ మహాప్రదర్శనలో పారిస్‌కు చెందిన పియరే చేసిన చిన్న స్కెలిటన్ గడియారాలు జ్ఞాపికలుగా అమ్ముడుపోయాయి.

మరి మీరేం చేశారు? ఆ స్ప్రింగునే మార్పించారు! పాత భాగం మెకానిక్ దగ్గర ఉంటే రేపే వెళ్లి తెచ్చుకోండి. ఆయన చేత ఏం చూశారో రాయించి ప్రమాణపత్రం తీసుకోండి. ఇకపై ఒక్క మర కూడా విప్పించకండి.

గడువు సంగతి. వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లు. మోసం ఆగస్టులో తెలిసిందని వాదించవచ్చు గానీ, దాన్ని నమ్ముకోవద్దు. కొన్న తేదీ నుంచే లెక్కేసుకుని 2026 మార్చిలోగా దాఖలు చేయండి. ఆగస్టు నుంచి వస్తువును ఉంచుకుని, వద్దని లిఖితపూర్వకంగా చెప్పకపోవడం మరో పొరపాటు. సమంజసమైన కాలం దాటాక వస్తువును అంగీకరించినట్లే అని వస్తు విక్రయ చట్టం 42వ సెక్షన్ అంటుంది. అలా తేలితే సివిల్ కోర్టులో వాపసు హక్కు పోయి నష్టపరిహారమే మిగలవచ్చు. అక్కడ గడువు మూడేళ్లు. కమిషన్ అయితే ధర తిరిగి ఇప్పించగలదు. అందుకే ముందు అక్కడికే వెళ్లమంటున్నాను.

మీ అల్లుడుగారి ఆలోచన మాత్రం వెంటనే మానుకోవాలి. నూరేళ్లు దాటిన కళా, శాస్త్ర, హస్తకళా వస్తువులను 1972 నాటి పురావస్తువుల చట్టం పురావస్తువులుగా గుర్తిస్తుంది. భారతదేశంలో తయారైనవే అన్న షరతు ఆ నిర్వచనంలో లేదు. అలాంటి వస్తువును ప్రైవేటు వ్యక్తి దేశం దాటిస్తే కనీసం ఆరు నెలలు, గరిష్ఠంగా మూడేళ్లు జైలు, జరిమానా. 1795 కాదు, 1850 అని తేలినా నూరేళ్లు దాటినట్లే. ఇటీవల చేసిన నకలని తేలితే, అనుమానం ఉందని తెలిసీ అసలుదిగా అమ్మినందుకు అక్కడ మోసం ఆరోపణ ఎదుర్కోవలసింది ఆయనే. పురావస్తువా కాదా అన్న ప్రశ్నకు తుది నిర్ణయం పురావస్తు సర్వేక్షణ శాఖది, విమానాశ్రయంలో మీ అల్లుడిది కాదు.

ఇదే చట్టం వ్యాపారికీ చుట్టుకుంటుంది. పురావస్తువులు అమ్మే వ్యాపారానికి 5వ సెక్షన్ కింద లైసెన్సు ఉండాలి. 1795 నాటిదే అని అతను పట్టుబడితే లైసెన్సు చూపాలి. కాదంటే మీ వర్ణన వాదాన్ని ఒప్పుకున్నట్లే.

ఈ వారంలోనే న్యాయవాది ద్వారా స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. సందేశంలోని మాటలు ఉన్నవి ఉన్నట్లు అందులో రాయించి, గడియారం వెనక్కి తీసుకుని 15 రోజుల్లో సొమ్ము ఇవ్వమనండి, లైసెన్సు నంబరు అడగండి. పోలీసు స్టేషన్‌కు పరుగెత్తితే ‘సివిల్ తగాదా’ అని పంపించేస్తారు, ఈలోగా గడువు కరిగిపోతుంది. జవాబు రాకపోతే మీ జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు, హైదరాబాద్ వెళ్లనక్కర్లేదు. చెల్లించిన ధర 5 లక్షల లోపే కనుక దాఖలు రుసుము లేదు. పునర్విక్రయం గురించి ప్రమాణపత్రంలో అబద్ధం రాయకండి. నిజంగానే అమ్మడానికి కొని ఉంటే దాఖలుకు ముందే మీ న్యాయవాదికి చెప్పండి, అప్పుడు దారి సివిల్ కోర్టు.