చెలక మట్టి సయనోబాక్టీరియాకు కొత్త పేరు ఎక్కడ ఆగింది?

తమ్ముడూ, మహబూబ్‌నగర్ పక్క చెలకలో ఎండిన మట్టి పెచ్చు నుంచి నాస్టాక్ (ఒక రకం సయనోబాక్టీరియా, అంటే నీలి-ఆకుపచ్చ శైవలం) లాంటిది పెంచావు, బాక్టీరియా జాతులను పోల్చడానికి వాడే 16ఎస్ జన్యువు దగ్గరి జాతితో 97.9 శాతమే కలిసింది, అయినా పత్రిక వ్యాసాన్ని తిప్పి పంపిందని రాశావు. టెన్షన్ పడకు, నీ కష్టం ఎక్కడికీ పోలేదు.

అసలు చిక్కు హోలోటైప్ దగ్గర, అంటే కొత్త పేరుకు ఆధారంగా చూపించే నమూనా దగ్గర వచ్చింది. ట్యూబులో బతికున్న కల్చర్‌నే నమూనాగా చూపించావు. శైవలాలు, మొక్కల నామకరణ నియమావళి కింద పేరు పెడుతున్నావు కాబట్టి అది చెల్లదు. ఆ కల్చర్‌లో కొంత ఎండబెట్టి, లేదా ఫార్మలిన్‌లో వేసి, గుర్తింపు ఉన్న హెర్బేరియంలో (మొక్కల నమూనాలు భద్రపరిచే చోట) పెట్టు. ఆ నంబరు వ్యాసంలో రాయి. బతికున్నదాన్ని విడిగా కల్చర్ కలెక్షన్‌కి (బతికున్న కల్చర్లను కాపాడే సంస్థకి) ఇవ్వు. లాటిన్ వివరణ గురించి అడిగావు, ఆ బెంగ వద్దు. 2012 నుంచి ఇంగ్లీషులోనూ చెల్లుతుంది.

కొత్త జాతికి హద్దుగా చూసే 98.7 శాతం కంటే తక్కువ కలిసిందన్న ఒక్క మాటనే పట్టుకోకు. 16ఎస్, 23ఎస్ జన్యువుల మధ్య ఉండే ఐటీఎస్ అనే డీఎన్‌ఏ భాగాన్ని కూడా సీక్వెన్సింగ్ చేయించు. ఒకే కణంలో అది ఒకటి కంటే ఎక్కువ రకాలుగా ఉండొచ్చు. అందుకే క్లోన్ చేసి (ఒక్కో రకాన్ని విడదీసి), లోపల టీఆర్‌ఎన్‌ఏ జన్యువులున్నవాటిని అలాంటివాటితోనే పోల్చాలి. ఎడారి మట్టిలో దొరికిన దగ్గరి జాతుల పక్కన దీని బాక్స్-బీ (ఐటీఎస్‌లో ఒక ముక్క) మడత గీసి పెడితే తేడా కంటికి కనిపిస్తుంది.

ఫొటోలు నాకు చాలా నచ్చాయి. కానీ అన్నీ మామూలు బీజీ-11లో (సయనోబాక్టీరియాను పెంచే పోషక ద్రావణంలో) పెరిగినవే. అందులో నైట్రేట్ ఉంటుంది, అది ఉంటే హెటిరోసిస్టులు (గాలిలోని నైట్రోజన్‌ను పట్టే ప్రత్యేక కణాలు) సరిగా రావు, నైట్రోజన్ లేని బీజీ-11లో మళ్లీ పెంచు. వీలైతే తొలకరికి ముందే అదే చెలక నుంచి పెచ్చు తెచ్చి, తడిపి ఫొటోలు తీయి. ల్యాబులో చాలాకాలం పెరిగితే దాని రూపు మారిపోతుంది.