కరెంటు లేని నాలుగు రోజులు తొట్టిలో చేపలు ఎలా బతుకుతాయి?

పోయిన నెల ఈ శీర్షికలో ముంపు వచ్చినప్పుడు కుక్కల్ని, పిల్లుల్ని ఎలా తీసుకెళ్లాలో రాశాను. అది చదివి "మరి అక్వేరియం ఉన్నవాళ్లం ఏం చెయ్యాలి మేడమ్, తొట్టిని చంకలో పెట్టుకుని పోలేం కదా" అని చాలామంది అడిగారు. నిజమే. అందుకే ఈసారి మొత్తం చేపల గురించే.

ప్రశ్న: 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు మా ఇంట్లోకి వచ్చేశాయి. మాది గ్రౌండ్ ఫ్లోర్. పిల్లల్ని తీసుకుని పైవాళ్ల ఇంటికి ఎక్కేశాం. మా రెండడుగుల అక్వేరియం ఎత్తు స్టాండు మీద ఉండటంతో మునగలేదు గానీ కరెంటు లేదు. మూడో రోజు మావారు నడుంలోతు నీళ్లలో దిగి వెళ్లి చూస్తే నాలుగు గోల్డ్ ఫిష్‌లూ చనిపోయి తేలుతున్నాయి, గౌరామీ ఒక్కటే బతికుంది. తిండి లేకే పోయాయా? అదే తొట్టిలో ఇదొక్కటి ఎలా మిగిలింది? (ఒక పాఠకురాలు, సింగ్‌నగర్, విజయవాడ)

జవాబు: తిండి లేక కాదండీ. ఆ బాధ మనసులో పెట్టుకుని ఉంటారని ముందే చెబుతున్నాను. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేప వారం రోజులు ఏమీ తినకపోయినా బతుకుతుంది. మీ గోల్డ్ ఫిష్‌లకు అందనిది గాలి.

ఎయిర్ పంపు బుడగలు నీళ్లలోకి ఆక్సిజన్ ఎక్కిస్తాయని అందరం అనుకుంటాం. బుడగలోంచి కరిగేది కొంచెమే. అసలు పని ఏమిటంటే అవి అడుగు నీళ్లని పైకి తోస్తూ ఉంటాయి, పైకి వచ్చిన నీళ్లకి గాలి తగిలి అక్కడ ఆక్సిజన్ కరుగుతుంది. కరెంటు పోగానే ఆ కదలిక ఆగిపోతుంది, పైపొరలో తప్ప కిందంతా ఆక్సిజన్ తగ్గుతూ పోతుంది. దానికి తోడు మన ఎండలు, ఉక్కపోత. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీల దగ్గర 7.5 మిల్లీగ్రాములే. గోల్డ్ ఫిష్ చల్లని నీళ్ల చేప, ఆక్సిజన్ ఎక్కువ వాడుకుంటుంది, వ్యర్థాలు కూడా ఎక్కువే వదులుతుంది. రెండడుగుల తొట్టిలో నాలుగంటే కరెంటు ఉన్న రోజుల్లో కూడా ఇరుకే, ఈ మాట మిమ్మల్ని తప్పుపట్టడానికి కాదు, మళ్లీ పెంచాలనుకుంటే గుర్తుంచుకోండని.

గౌరామీకి మొప్పలతోపాటు తలలో గాలి పీల్చుకునే ఇంకో అవయవం ఉంటుంది. పైకి వచ్చి నోటితో గాలి మింగి వెళ్తుంది. ఫైటర్ చేప కూడా ఇంతే. మన కొరమేనుకీ గాలి పీల్చే ఏర్పాటుంది, అందుకే చేపల మార్కెట్లో టబ్బులో నాలుగు వేళ్ల నీళ్లలో కూడా గంటల తరబడి మెదులుతూ ఉంటుంది.

ఇంకోసారి ఇలా జరిగితే, మీరు ఇంట్లోనే ఉండి కరెంటు మాత్రమే పోతే, మగ్గుతో తొట్టి నీళ్లు తీసి అడుగు ఎత్తునుంచి తిరిగి అందులోనే పొయ్యండి. అయిదు నిమిషాలు ఆగకుండా, గంటకోసారి. ఇదేం చిన్న చిట్కా కాదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు నేను విశాఖలో ఉన్నాను, మా వీధికి చాలా రోజులు కరెంటు రాలేదు. నేనూ మా అమ్మాయీ పగలు, రాత్రి వంతులు వేసుకుని మగ్గుతో పోస్తూనే ఉన్నాం. మూడడుగుల తొట్టి, ఒక్క చేపా పోలేదు. నీళ్ల మీద జిడ్డు తెట్టు కడితే పాత న్యూస్ పేపరు పరిచి లాగేస్తే వచ్చేస్తుంది. పైన గాజు మూత తీసేసి దోమతెర గుడ్డ కట్టండి, గాలి ఆడుతుంది, చేప బయటికి దూకదు. మొదటి రోజునుంచే మేత పూర్తిగా ఆపండి. చేపలు మరీ ఎక్కువగా ఉంటే తొట్టి నీళ్లతోనే రెండు మూడు వెడల్పాటి టబ్బుల్లోకి విడదియ్యండి. లోతు బకెట్టు కన్నా బట్టలు ఉతుక్కునే టబ్బు మంచిది, నీళ్లకి గాలి తగిలే చోటు దానికే ఎక్కువ.

ఇంకొక్క మాట, మీవారికి కూడా చెప్పండి అని మీకు చెబుతున్నాను. చేపల కోసం వరద నీళ్లలోకి మనిషి దిగకూడదు. ఆ నీళ్ల కింద మూత లేని మ్యాన్‌హోల్ ఉంటుంది, పాము ఉంటుంది, ఎక్కడో ఒక వైరు తెగి ఉంటుంది. నేను చేపల్ని ప్రాణంలా చూసుకుంటాను, అయినా ఈ మాటే చెబుతాను.

ప్రశ్న: మాకు రెండు రోజులు కరెంటు లేదు. మగ్గుతో నీళ్లు తీసి పోస్తూ అన్నిటినీ బతికించాం. కరెంటు రాగానే సంతోషంగా కానిస్టర్ ఫిల్టర్ ఆన్ చేశాం. తెల్లారేసరికి ఏంజెల్ చేపలన్నీ పోయాయి. ఏమైందో అర్థం కావట్లేదు. (ఖమ్మం నుంచి ఒకరు)

జవాబు: ఈ ప్రశ్న చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. కష్టపడి కాపాడుకున్నాక ఇలా పోతే ఎంత నొప్పో నాకు తెలుసు. ఇది చాలామందికి జరుగుతుంది, కొన్నప్పుడు ఎవరూ చెప్పరు.

ఫిల్టర్ లోపలి స్పాంజిలో, రాళ్లలో కోట్ల బాక్టీరియా ఉంటాయి. చేపల వ్యర్థాల్లోంచి వచ్చే అమ్మోనియాని అవే నైట్రేట్‌గా మారుస్తాయి. వాటికీ ఆక్సిజన్ కావాలి. కానిస్టర్ అంటే గట్టిగా మూత బిగించిన డబ్బా, నీళ్లు పారినంతసేపే లోపలికి ఆక్సిజన్ అందుతుంది. పారడం ఆగాక కొన్ని గంటల్లోనే లోపల ఆక్సిజన్ అయిపోతుంది, మంచి బాక్టీరియా చస్తుంది, ఉన్న మలమంతా కుళ్లుతుంది. రెండు రోజుల తరవాత స్విచ్ వేస్తే ఆ కుళ్లు నీళ్లన్నీ ఒక్కసారిగా తొట్టిలోకి వచ్చేస్తాయి. మీ ఏంజెల్స్‌కి జరిగింది చాలావరకు అదే.

కాబట్టి రెండు మూడు గంటలకన్నా ఎక్కువ కరెంటు పోతుందని తెలిస్తే, ముందు ప్లగ్ తీసేసి, కానిస్టర్ విప్పి లోపలి స్పాంజిలు, రాళ్లు తీసి తొట్టిలోనే వదిలెయ్యండి, లేదా తొట్టి నీళ్లు పోసిన టబ్బులో పెట్టి వాటిమీద కూడా మగ్గుతో పోస్తూ ఉండండి. అప్పటికే ఆలస్యమైపోతే, కరెంటు వచ్చాక ముందు డబ్బా తెరిచి వాసన చూడండి. కుళ్లిన గుడ్డు వాసన వస్తే ఆ నీళ్లు పారబోసి అన్నీ శుభ్రంగా కడిగి, ఇది కొత్త ఫిల్టర్ అనుకుని మొదటినుంచి మొదలుపెట్టండి. అంటే రెండు మూడు వారాలు మేత చిటికెడే వెయ్యడం, రోజు విడిచి రోజు పావు వంతు నీళ్లు మార్చడం, అమ్మోనియా టెస్ట్ కిట్ ఉంటే చూసుకుంటూ ఉండటం. కిట్ లేకపోతే కొనండి.

హీటర్ వాడేవాళ్లు కూడా కరెంటు పోయినప్పుడే దాని ప్లగ్ తీసెయ్యాలి. నీళ్లు తగ్గి హీటర్ బయటపడి ఉన్నప్పుడు కరెంటు వస్తే గాజు పగులుతుంది.

ప్రశ్న: పది నిమిషాల్లో ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు అనుకోండి. చేపల్ని ఎలా తీసుకెళ్లాలి? (రాజమండ్రి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: పది నిమిషాలే ఉంటే పిల్లలు, పెద్దవాళ్లు, మందులు, కాగితాలు. అవి సర్దాక ఇంకా మూడు నిమిషాలు మిగిలితే చేపలు. అందుకే వాన మొదలైన రోజే సామాను ఒక సంచిలో పెట్టుకోండి: మందమైన పాలిథిన్ కవర్లు, రబ్బరు బ్యాండ్లు, చిన్న వల, మూత ఉన్న బకెట్టు, వీలైతే రొయ్యలు, చేపలు ప్యాక్ చేసే థర్మోకోల్ పెట్టె. గోదావరి జిల్లాల్లో ఆ పెట్టె దొరకడం కష్టమేం కాదు.

కవరులో మూడో వంతు మాత్రమే తొట్టి నీళ్లు పొయ్యండి, మిగతా రెండు వంతులూ గాలి. నీళ్లు ఎక్కువైతే చేపకి సుఖంగా ఉంటుందనుకుని నిండా పోసేస్తారు, గాలికి చోటు ఉండదు. నోటితో ఊదొద్దు, కవరు మూతిని తెరిచి గాలిలో ఒక్కసారి ఊపి మూసెయ్యండి. గప్పీల్లాంటి చిన్నవైతే కవరుకి నాలుగైదు, పెద్దదైతే ఒక్కటి. ఒక కవరు మీద ఇంకోటి తొడిగి థర్మోకోల్ పెట్టెలో పెట్టి మూసేస్తే చీకట్లో కదలకుండా ఉంటాయి. ఇలా మామూలు గాలితో కొన్ని గంటలు నడుస్తుంది. ముందురోజే టైము దొరికితే చేపల షాపులో ఆక్సిజన్ సిలిండరుతో నింపించుకోండి, అప్పుడు ఒక రోజు దాటినా ఫరవాలేదు. ఫిల్టర్ స్పాంజిని ఇంకో కవరులో తడిగా, గాలి ఉండేలా తెచ్చుకోండి, చాలామంది మర్చిపోయేది అదే.

తొట్టిని మాత్రం నీళ్లతో ఎత్తకండి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టిలో 55 లీటర్ల పైనే పడతాయి, అంటే నీళ్లే 55 కిలోలు. ఎత్తితే మూలల్లో అంటించిన సిలికాన్ విడిపోతుంది. పూర్తిగా ఖాళీ చేసి కూడా వెళ్లొద్దు, ముంపు నీళ్లలో ఖాళీ తొట్టి పడవలా తేలి గోడకి కొట్టుకుని పగులుతుంది.

చేరిన చోట కవరు చాలా గంటలు మూసి ఉంటే చుక్కచుక్కగా కొత్త నీళ్లు కలుపుతూ కూర్చోకండి. కవరు విప్పగానే లోపలి కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి నీళ్ల పీహెచ్ పెరుగుతుంది, అప్పటిదాకా పెద్దగా హాని చెయ్యని అమ్మోనియా విషంగా మారుతుంది. మూసిన కవరునే పావుగంట కొత్త నీళ్ల మీద తేలనిచ్చి, విప్పిన వెంటనే వలతో చేపని ఒక్కదాన్నే వెయ్యండి, కవరు నీళ్లు పారబొయ్యండి.

ప్రశ్న: పవర్ బ్యాంకుతో ఎయిర్ పంపు నడుస్తుందా? ఎంతసేపు? (హైదరాబాద్)

జవాబు: నడుస్తుంది. యూఎస్‌బీ ఎయిర్ పంపు తీసుకోండి. ఒక వాట్ పంపు అయితే 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు మీద దాదాపు ఒక రోజంతా ఆడుతుంది. కొన్ని పవర్ బ్యాంకులు ఇంత తక్కువ కరెంటు లాగితే ఏమీ తగిలించలేదనుకుని వాటంతటవే ఆగిపోతాయి, కాబట్టి మామూలు రోజుల్లోనే ఒక రాత్రి పెట్టి చూసుకోండి. టార్చి సెల్స్‌తో నడిచే పంపులు కూడా ఉన్నాయి. ఏ పంపు అయినా తొట్టి నీటి మట్టం కన్నా ఎత్తులో పెట్టాలి, లేదా గొట్టం మధ్యలో నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టాలి. లేకపోతే పంపు ఆగగానే నీళ్లు గొట్టంలోంచి వెనక్కి దిగి నేలంతా పారతాయి. ఇన్వర్టర్ ఉంటే ఫ్యాన్లు ఆపి పంపు మీదే ఉంచండి, ఎక్కువసేపు వస్తుంది. అది గ్రౌండ్ ఫ్లోర్ నేల మీద ఉంటే మాత్రం ముంపులో మొదట పోయేది అదే.

ప్రశ్న: మాది భీమవరం దగ్గర, రొయ్యల చెరువులున్నాయి. ఏరేటర్లు ఆగితే చెరువులో వేసే ఆక్సిజన్ టాబ్లెట్లు అక్వేరియంలో వెయ్యొచ్చా?

జవాబు: వద్దు. చెరువులో ఎకరాల లెక్కన వేసే మందుని 50 లీటర్లకి కొలవడం కష్టం, కాస్త ఎక్కువైతే మొప్పలు కాలిపోతాయి. మీకు తెల్లవారుజామున చెరువులో చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే ఏమిటో తెలుసు కదా, తొట్టిలోనూ అదే గుర్తు. ఆ గుర్తు కనబడితే మగ్గు తీసుకోండి.

ప్రశ్న: మా ఆస్కార్, సక్కర్ చేపల్ని కాపాడలేమనిపించి వరద నీళ్లలో వదిలేద్దామనుకున్నాం. కనీసం అలా అయినా బతుకుతాయి కదా? (విజయవాడ)

జవాబు: దయచేసి వదలొద్దు. మీ మనసు మంచిదే, కానీ విజయవాడలో వదిలింది అక్కడితో ఆగదు. బుడమేరు వెళ్లి కలిసేది కొల్లేరులో. సక్కర్ చేపనే మన జాలర్లు దెయ్యం చేప అంటున్నారు. ఒళ్లంతా గట్టి పలకలు, ముళ్లు, వలలు చించేస్తుంది, గట్లలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది, తినేవాళ్లు లేరు. ఎవరో అక్వేరియంలోంచి వదిలినవే ఇన్నయ్యాయి. ఆస్కార్ అయితే దొరికిన చిన్న చేపల్ని మింగేస్తుంది. సక్కర్ గట్టి ప్రాణి, అదీ గాలి మింగగలదు, టబ్బులో మీరనుకున్నదానికన్నా ఎక్కువ రోజులు ఉంటుంది. ఇక ఉంచుకోలేమనుకుంటే చేపల షాపులో ఉచితంగానైనా ఇచ్చెయ్యండి.

ప్రశ్న: వరద తగ్గాక కుళాయి నీళ్లు బ్లీచింగ్ వాసన వస్తున్నాయి. వాటితో తొట్టి నింపొచ్చా?

జవాబు: నేరుగా వద్దు. ముంపు తరవాత క్లోరిన్ ఎక్కువ కలుపుతారు, మనకి అది మంచిదే, చేప మొప్పలకి మంట. షాపులో యాంటీ క్లోరిన్ అని అమ్మేది కలిపి, లేదా నీళ్లు పట్టి ఒక రోజంతా కదుపుతూ ఉంచి వాడండి. తొట్టిలోకి వరద నీళ్లు వచ్చి ఉంటే అందులో డ్రైనేజీ కలిసి ఉంటుంది, ఆ నీళ్లు, అడుగు ఇసుక ఉంచొద్దు, తొట్టి కడిగి ఆరబెట్టండి, చేతులకి గ్లౌజులు వేసుకోండి.

ప్రశ్న: ఆంటీ, మేము వెళ్లిపోయేటప్పుడు నా ఫైటర్‌ని తెచ్చుకోలేదు. నాన్న వద్దన్నారు. అది నా మీద కోపంగా ఉంటుందా? (ఏడో తరగతి, విజయవాడ)

జవాబు: ఉండదు తల్లీ. నాన్న ముందు నిన్ను బయటికి తీసుకొచ్చారు, అదే సరైన పని. ఫైటర్ గాలి పీల్చుకోగలదని పైన రాశాను చూడు, చిన్న గిన్నెలో కూడా కొన్ని రోజులు బతికే అవకాశం బాగా ఉంది. మీరు ఇంటికి తిరిగి వెళ్లాక ముందు నాన్నని కరెంటు మెయిన్ ఆపారో లేదో అడుగు, తరవాత ఇద్దరూ కలిసి వెళ్లి చూడండి. అది కదులుతుంటే వెంటనే మేత వెయ్యకు. సగం నీళ్లు మార్చి, మర్నాడు రెండు గింజలు వెయ్యి. ఎలా ఉందో నాకు రాయి.