ప్రశ్నలు – జవాబులు: సముద్రపు అడుగు నేల కింద జీవం

ప్రశ్న: సముద్రపు అడుగు నేలకు కిలోమీటరు కింద కూడా సూక్ష్మజీవులు దొరికాయని, కోట్ల ఏళ్ల నాటి మట్టిలో అవి సజీవంగా ఉన్నాయని చదివాను. నౌక మీది నుంచి గొట్టాలు దింపి, సముద్రపు నీటిని లోపలికి పంపుతూ తవ్వేటప్పుడు పైనున్న బ్యాక్టీరియా కిందికి చేరదా? దొరికినవి అక్కడివేనని ఎలా నమ్మడం?
– ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు

జవాబు: ఈ రంగంలో పనిచేసేవారు కూడా ప్రతి ఫలితాన్నీ ముందుగా అడిగే ప్రశ్న ఇదే. సముద్రం పైపొరల్లోని నీటిలో ఒక ఘన సెంటీమీటరుకు లక్షల సంఖ్యలో సూక్ష్మజీవులు ఉంటాయి. బాగా లోతున ఉన్న మట్టిలో, కొన్ని చోట్ల, అంతే పరిమాణంలో వంద కణాలు కూడా ఉండవు. అందువల్ల ఘన సెంటీమీటరులో వెయ్యో వంతు నీరు నమూనాలోకి ఇంకినా, అక్కడి కణాల కంటే బయటి నుంచి వచ్చినవే ఎక్కువ కావచ్చు.

ఈ ప్రమాదాన్ని కొలవడానికి తవ్వకానికి వాడే ద్రవంలో పెర్‌ఫ్లోరోకార్బన్ జాతికి చెందిన ఒక రసాయనాన్ని కలుపుతారు. అది ప్రకృతిలో ఆ మట్టిలో ఉండే అవకాశం లేదు. అత్యల్ప మోతాదులో ఉన్నా పరికరాలు పసిగడతాయి. గొట్టంలో పైకి వచ్చిన మట్టి స్తంభాన్ని, అంటే కోర్‌ను, అంచుల వెంట తొలగించి నడిమి భాగాన్నే పరీక్షకు తీసుకుంటారు. అంచులోనూ నడిమిలోనూ ఆ రసాయనం ఎంత ఉందో కొలిచి, అది నడిమి దాకా చేరిన ముక్కలను పక్కన పెడతారు. నౌకలోని నీటిని, ప్రయోగశాల గాలిని, వాడిన రసాయనాలను కూడా విడిగా పరీక్షించి, వాటిలో కనిపించిన డీఎన్ఏను నమూనా ఫలితాల నుంచి తీసివేస్తారు.

ఈ జాగ్రత్త ఎంత దూరం వెళ్లిందో జపాన్ సమీపంలోని నంకాయ్ అగాధంలో 2016లో జరిగిన యాత్ర చూపింది. పలు దేశాలు కలిసి నడిపిన సముద్ర తవ్వకాల కార్యక్రమంలో అది 370వది. అక్కడ చిక్యూ అనే నౌక అడుగు నేల నుంచి సుమారు 1,180 మీటర్ల లోతు వరకు, ఉష్ణోగ్రత 120 డిగ్రీల సెల్సియస్‌కు చేరే చోటు దాకా తవ్వింది. నమూనాలను హెలికాప్టర్‌లో జపాన్‌లోని కోచి ప్రాంతపు పరిశోధన కేంద్రానికి పంపి, అతి పరిశుభ్రమైన గదిలో పరీక్షించారు. లోతు పెరిగి వేడి హెచ్చేకొద్దీ కణాల సంఖ్య బాగా తగ్గింది. కొన్ని పొరల్లో కణాలేవీ కనిపించలేదు. అయినా 120 డిగ్రీల దగ్గరి అత్యంత లోతైన పొరల్లో మళ్లీ కొన్ని కనిపించాయి. ఈ ఫలితాలతో 2020లో వెలువడిన పరిశోధన వ్యాసంలో నాకు అత్యంత విలువైనదిగా తోచేది, కణాలు లేని పొరల గురించి వారు నిర్మొహమాటంగా రాసిన భాగం. ప్రతి పొరలోనూ కణాలు కనిపించి ఉంటే బయటి కల్మషం అన్నిటిలోకీ పాకిందేమోనన్న అనుమానానికి చోటుండేది. కొన్ని పొరలు ఖాళీగా ఉండడం వల్ల మిగతా పొరల లెక్క మీద నమ్మకం పెరుగుతుంది.

ఇక కోట్ల ఏళ్ల సంగతి. దక్షిణ పసిఫిక్ మధ్యభాగంలో 2010లో అదే కార్యక్రమపు 329వ యాత్ర సేకరించిన మట్టిలో అత్యంత పాతది సుమారు 10 కోట్ల 15 లక్షల ఏళ్ల కిందట పేరుకున్నది. ప్రయోగశాలలో ఆహారం అందించగా అందులోని కణాలు దాన్ని గ్రహించి, సంఖ్య పెంచుకున్నాయని 2020లో ప్రకటించారు. ఆ వయసు మట్టిది. ఒక్కొక్క కణం అన్నేళ్లు బతికిందని దీని అర్థం కాదు. అయితే ఆ బంకమట్టి రంధ్రాలు చాలా సన్నవి కనుక కణాలు పై నుంచి కిందికి జారి ఉండవని, మట్టితో పాటే పూడిపోయిన సమూహాల సంతతే అక్కడ మిగిలిందని పరిశోధకులు భావిస్తున్నారు.

ప్రశ్న: సూర్యకాంతి చేరని ఆ చోట వాటికి ఆహారం ఎక్కడిది?
– ఒక పాఠకుడు

జవాబు: తీరాల దగ్గర, పై నుంచి రాలిన మృత ప్లవకాల, అంటే నీటిలో తేలియాడే చిన్న జీవుల, అవశేషాలే ఆధారం. అక్కడ ఆక్సిజన్ పైపొరలోనే అయిపోతుంది; కింది జీవులు ఆక్సిజన్‌కు బదులు సల్ఫేట్‌తో శ్వాసిస్తాయి, ఇంకా కింద మీథేన్‌ను తయారు చేస్తాయి. సల్ఫేట్, మీథేన్ కలిసే పొరలో ఒక రకం ఆర్కియా (బ్యాక్టీరియాను పోలినా వేరే వర్గానికి చెందిన సూక్ష్మజీవులు), బ్యాక్టీరియా జతగా పనిచేసి, పైకి వచ్చే మీథేన్‌లో అధిక భాగాన్ని సముద్రంలోకి చేరకుండానే ఖర్చు చేస్తాయి. మీథేన్ భూమిని వేడెక్కించే వాయువు కనుక, వాతావరణాన్ని గురించి ఆలోచించే ఎవరైనా ఈ సేవను గుర్తుంచుకోవాలి. దక్షిణ పసిఫిక్ మధ్యలోనైతే అవశేషాలు చాలా తక్కువ, తినేవీ తక్కువే; అందుకే ఆక్సిజన్ మట్టి అంతటా, అడుగున ఉన్న రాయి దాకా మిగిలి ఉంది. అక్కడ యురేనియం, థోరియం, పొటాషియంల సహజ రేడియోధార్మికత నీటి అణువులను విడగొట్టడం వల్ల పుట్టే హైడ్రోజన్ కూడా శక్తికి ఒక వనరు.

ప్రశ్న: ఈ పరిశోధనకు ఇన్ని దేశాలు ఎందుకు కలవాలి? నౌక ఎక్కే అవకాశం లేని విద్యార్థికి ఇందులో స్థానం ఉందా?
– ఒక ఎమ్మెస్సీ విద్యార్థిని

జవాబు: ఖర్చు ఒక్కటే కారణమైతే ధనిక దేశం ఏదో ఒకటి చాలు. ఒకటి రెండు చోట్ల తవ్వి సముద్రమంతటికీ లెక్క కట్టడం ఎంత తప్పుదారి పట్టిస్తుందో అనుభవంలో తేలింది. అడుగు నేల కింద ఉన్న కణాల సంఖ్యను 1998లో చేసిన అంచనా కంటే 2012 నాటి అంచనా దాదాపు పది రెట్లు తక్కువ. మొదటి అంచనాకు ఆధారమైన నమూనాలు ఎక్కువగా ఆహారం సమృద్ధిగా ఉండే తీర ప్రాంతాలవి. నడిసముద్రపు పేద మట్టిని కూడా లెక్కలోకి తీసుకున్నాక సంఖ్య పడిపోయింది. పైగా ఒకే కోర్‌ను భూగర్భ, రసాయన, సూక్ష్మజీవ శాస్త్రవేత్తలు కలిసి చదివితేనే ఆ జీవుల చుట్టూ ఉన్న పరిస్థితి అర్థమవుతుంది. 2002లో పెరూ తీరంలోనూ తూర్పు పసిఫిక్‌లోనూ సాగిన 201వ యాత్ర, ఈ జీవం కోసమే ప్రత్యేకంగా వెళ్లిన మొదటి తవ్వకం.

మీ రెండో ప్రశ్నకు నా జవాబు, తప్పకుండా ఉంది. కోర్‌లను జర్మనీలోని బ్రెమెన్, అమెరికాలోని కాలేజ్ స్టేషన్, జపాన్‌లోని కోచి భాండాగారాల్లో భద్రపరిచారు. యాత్రలో పాల్గొన్నవారికి కేటాయించిన గడువు ముగిశాక, పరిశోధన ప్రతిపాదన రాసి ఎవరైనా నమూనా కోరవచ్చు. అయితే చల్లని గదిలో మామూలుగా నిల్వ ఉన్న కోర్ జీవుల అధ్యయనానికి పనికిరాదు. ఆక్సిజన్ తగిలి, ఉష్ణోగ్రత మారి దానిలోని సమూహం మారిపోయి ఉంటుంది. అతిశీతల స్థితిలో గడ్డకట్టించిన ముక్కల కోసమే అడగండి. ప్రచురణతో పాటు డీఎన్ఏ క్రమాలను కూడా సాధారణంగా ఉచితంగా అందుబాటులో ఉంచుతారు కనుక, కంప్యూటర్ మీద చేసే విశ్లేషణతోనే మొదలుపెట్టవచ్చు. అలా మొదలుపెడితే, నమూనా క్రమాలతో పాటు ఖాళీ పరీక్షల క్రమాలను, అంటే నౌక నీటిని, గాలిని, రసాయనాలను విడిగా పరీక్షించినప్పుడు వచ్చినవాటిని, కూడా తప్పక తెప్పించుకోండి. పై ఉపాధ్యాయురాలు అడిగిన ప్రశ్నకు మీ ఫలితం నిలబడాలంటే అవి కావాలి.