తకయాసు ఉన్న చెల్లెలికి ఛాతీ పట్టేస్తోందంటే గ్యాస్ అని వదిలేయొద్దు

తమ్ముడూ, మీ చెల్లెలికి 28 ఏళ్లని, తకయాసు ఆర్టరైటిస్ (పెద్ద రక్తనాళాల గోడలు వాచే జబ్బు) అని ఎప్పుడో తేలిందని, ఇప్పుడు మెట్లెక్కితే ఛాతీ పట్టేస్తోందని, మహబూబ్‌నగర్‌లో ఒక డాక్టర్ గ్యాస్ అంటే ఇంకొకరు వెంటనే స్టెంట్ (నాళాన్ని తెరిచి ఉంచే చిన్న గొట్టం) వేయాలన్నారని రాశావు. మాది నల్గొండ, మా అక్కకూ ఇదే జబ్బు.

కూర్చుని ఉన్నప్పుడు నొప్పి వచ్చినా, చెమటలు పట్టినా, దవడ గానీ చెయ్యి గానీ లాగినా 108కి ఫోన్ చెయ్యండి, హైదరాబాద్ అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు.

ఈ జబ్బులో మహాధమని, అంటే గుండె నుంచి బయల్దేరే పెద్ద నాళం, గోడ వాస్తుంది. గుండెకు రక్తమిచ్చే కరోనరీ నాళాలు దాని మొదట్లోనే పుడతాయి కాబట్టి ఎక్కువగా ఆ మొదలు దగ్గరే సన్నబడతాయి. సాగర్ కాలువ నిండా నీళ్లున్నా తూము పూడుకుపోతే పొలానికి అందవు కదా, అట్లాగే. షుగర్, కొలెస్ట్రాల్ లేని సన్నటి ఆడపిల్లకు కూడా వస్తుంది, మామూలు ఈసీజీ బాగానే ఉండొచ్చు కూడా. మా అక్కకు ఒక ఆస్పత్రిలో నెలల తరబడి గ్యాస్ గోళీలే ఇచ్చారు, చిన్న వయసు కదా గుండె జబ్బెందుకుంటుంది అని. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. బీపీ కూడా ఎడమ చేతికే చూసి తక్కువ ఉందన్నారు, ఆ చేతి నాళం సన్నబడితే తక్కువే చూపిస్తుంది. రెండు చేతులకూ చూడమనండి, రెండింట్లోనూ నాడి సరిగ్గా దొరక్కపోతే కాలికి.

ఇక స్టెంట్ సంగతి. జబ్బు చురుగ్గా, అంటే నాళం గోడలో వాపు ఉన్నప్పుడు వేస్తే మళ్లీ మూసుకుపోయే అవకాశం ఎక్కువ. అందుకే గుండె డాక్టరూ, ఇలాంటి వాపు జబ్బులు చూసే రుమటాలజీ డాక్టరూ ఒకరితో ఒకరు మాట్లాడుకున్నాకే నిర్ణయం జరగాలి, నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే. హైదరాబాద్ నిమ్స్ ఆస్పత్రిలో రెండు విభాగాలూ ఉన్నాయి. వాపు చూపే రక్తపరీక్షలు ఈఎస్ఆర్, సీఆర్పీ నార్మల్ వచ్చినా లోపల వాపు ఉండొచ్చు, స్కాన్ అవసరమా అని అడగండి. మా అక్కకు ముందు స్టెరాయిడ్, మెథోట్రెక్సేట్ అనే మందులతో వాపు తగ్గించి తర్వాతే బైపాస్ చేశారు. అందరికీ అంత టైం ఉండదు, ఎడమవైపు ప్రధాన నాళం బాగా మూసుకుంటే ఆగడం ప్రమాదం. బైపాస్ అంటే మాత్రం కాలర్ ఎముక కింది నాళం (సబ్‌క్లేవియన్) కూడా చూశారా అని అడగండి. మామూలుగా వాడే ఛాతీ ధమని దాని నుంచే వస్తుంది, అది సన్నగా ఉంటే పనికి రాకపోవచ్చు. మా అక్కకు కాలి సిర వాడారు.

స్టెరాయిడ్ సొంతంగా ఆపొద్దు. పెళ్లయి పిల్లల ఆలోచన ఉంటే మెథోట్రెక్సేట్ గురించి ముందే డాక్టర్‌కు చెప్పాలి, గర్భంలో అది వాడకూడదు. వెళ్లేటప్పుడు పాత స్కాన్ సీడీలన్నీ పట్టుకెళ్లండి, కాగితం రిపోర్టు ఒక్కటే చాలదు. యాంజియో (గుండె నాళాల్లో అడ్డు చూసే పరీక్ష) అయ్యాక ఏ నాళం ఎంత మూసుకుందో ఇక్కడే రాయి, నాకు తెలిసినంత చెప్తాను.